అవ్వ మరుపు – మా తప్పు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే మా బ్యాచ్ వాళ్లం నలుగురం ఆర్మూర్‌లో కూర్చున్నాం. నీళ్లచారు, ఆదివారం గుడ్డు, దుప్పట్ల కోసం కొట్లాటలు ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఎవరూ రాయనిది ఒకటి మిగిలింది. అది మేం చేసిన తప్పు. అదే రాద్దామనుకున్నాం.

మేం 2002లో ఆరో తరగతిలో చేరి 2007లో పది రాశాం. మేం చేరడానికి ఏడాది ముందు, 2001 అక్టోబర్ 2న, వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. అప్పటి జిల్లా కలెక్టర్ జి. అశోక్ కుమార్ గారి హయాంలో ఊరూరా తిరిగి బడి ఈడు పిల్లలను పనుల నుంచి విడిపించి బడికి పంపారు. మాలో కొందరం ఆ గాలికి బడిలో పడినవాళ్లమే. లేకపోతే పసుపు చేలలోనో, పశువుల వెనుకనో ఉండేవాళ్లం.

ఆ రోజుల్లో మా వంటశాలలో కామాటి పనికి ఒక అవ్వ వచ్చేది. పుట్టింది నాందేడ్ వైపు, ఇంటి భాష మరాఠీ. పెళ్లయి ఇటు వచ్చి తెలుగు నేర్చుకుంది. కూరగాయల బండి చాచాతో ఉర్దూలో బేరమాడేది. అక్షరం ముక్క రాదు, జీతం దగ్గర వేలిముద్రే. మేం అన్నానికి ఆలస్యమైతే గిన్నె మీద మూత పెట్టి ఉంచేది. జ్వరమొస్తే పాలలో పసుపు కలిపి తెచ్చేది. మేం మాత్రం ఆమె మాటను వెక్కిరించేవాళ్లం. తండాల నుంచి వచ్చిన మా దోస్తులు తల్లులతో లంబాడీలో మాట్లాడినా నవ్వేవాళ్లం. పాపం, వాళ్లు గొంతు తగ్గించుకునేవాళ్లు.

మేం పదో తరగతికి వచ్చేసరికి అవ్వ మారిపోయింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, ఒక్కోసారి అసలే వేసేది కాదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పక్కనే కూర్చుని చూస్తుండేది. చెప్పిన ముచ్చటే మళ్లీ చెప్పేది. ఒకరోజు గరిటె దొంగిలించావని మాలో ఒకడిని నిలదీసింది. గరిటె బియ్యం బస్తాలో దొరికింది. మరోరోజు సాయంత్రం ఇంటికి పోయే దారి మరిచి బస్టాండు దగ్గర నిలబడి ఉంది.

మాకు కోపం వచ్చింది. పరీక్షల ముందు ఈ తిండి ఏమిటని ఒక కాగితం మీద రాసి అందరం సంతకాలు చేశాం. “ముసలామెకు పని చేతకావడం లేదు, మార్చండి” అని రాశాం. అక్షరదోషాలు లేకుండా మేం రాసిన మొదటి దరఖాస్తు బహుశా అదే. సంక్రాంతి తర్వాత అవ్వ రాలేదు. మేం అడగనూ లేదు.

2013 చివర్లో, హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్న మావాడు ఒకడు ఫోన్ చేశాడు. “పేపర్లో నిమ్స్ డాక్టర్ల సంగతి పడ్డది, చదివిన్రా? మన అవ్వకు వచ్చింది గిదేరా” అన్నాడు. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, మరికొందరు కలిసి మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్న 648 మందిని పరిశీలించారు. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61 ఏళ్ల వయసులో మొదలైతే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో 65 ఏళ్లు దాటాక మొదలైంది. తేడా నాలుగున్నరేళ్లు. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. కాబట్టి ఇది చదువుకున్నవాళ్లకే దక్కే మేలు కాదని తేలింది.

దీనికి వాళ్లు ఇచ్చిన వివరణ మాకు అర్థమైనంత వరకు ఇది. రెండు భాషలున్న మనిషి ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోదాన్ని లోపల ఆపి ఉంచాలి. ఎదుటి మనిషి మారితే మళ్లీ ఇది ఆపి అది తీయాలి. రోజంతా జరిగే ఈ పని మెదడుకు కసరత్తు. అట్లా కొంత బలం నిల్వ ఉంటుంది. జబ్బు లోపల మొదలైనా పైకి కనిపించడం ఆలస్యమవుతుంది. అయితే జబ్బు రాకుండా ఆగదు. రెండుకు మించి ఎన్ని భాషలొచ్చినా అదనపు మేలు కనిపించలేదని కూడా వాళ్లే రాశారు. కొన్ని దేశాల పరిశోధనల్లో ఈ ఫలితం రాలేదన్నదీ నిజమే. కానీ హైదరాబాద్ లాంటి చోట రెండో భాష వలస పోయినందుకో, పెద్ద చదువులకో వచ్చింది కాదు. బజారులోనే వస్తుంది. అందుకే ఈ పరిశోధనకు లోకమంతా విలువ ఇచ్చింది.

2014 సంక్రాంతికి మేం అవ్వ ఇంటికి పోయాం. ఆమె అరుగు మీద కూర్చుని చీర కొంగు మడతపెడుతోంది, విప్పుతోంది. కొడుకు అన్నాడు: “అప్పుడే షురువైందట తమ్మీ. మాకూ తెల్వలే. ముసల్తనం అనుకున్నం. నిజామాబాద్ డాక్టర్ చెప్పేదాంక ఇది రోగమని ఎరుక లేదు.” మా కాగితం సంగతి ఆయనకు తెలియదు. ఆ రోజు చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాం.

అవ్వ మమ్మల్ని గుర్తుపట్టలేదు. తెలుగు దాదాపు పోయింది. కాసేపు మా ముఖాలు చూసి “జేవ్‌లాత్ కా?” అంది. తిన్నారా అని మరాఠీలో అడిగింది. అందరి పేర్లూ పోయాయి, అన్నం సంగతి పోలేదు. మాలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ ఏడాది వానాకాలంలో అవ్వ కన్నుమూసింది.

సగటు లెక్కను ఒక్క మనిషికి అతికించకూడదని మాకు తెలుసు. అయినా అనిపిస్తుంది, మాకు వండిపెట్టిన ఏళ్లలో కొన్ని ఆమెకు ఆమె భాషలు ఇచ్చినవేనేమో. మేం వెక్కిరించిన భాషలే.

తమ్ముళ్లారా, ఇది అవ్వ ఒక్కదాని కథ కాదు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. పట్నాలకంటే పల్లెల్లో, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. బడి మొహం చూడని మన అమ్మలు, అవ్వలు అందులో ఉన్నారు. 2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలు చెప్పి, వాటిని సరిచేస్తే ప్రపంచంలో సగానికి కాస్త తక్కువ కేసులను ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చన్నది. బీపీ, షుగర్, పొగ, మద్యం, తలకు దెబ్బలు, వినికిడి లోపం, ఒంటరితనం అందులో ఉన్నాయి. చిన్నప్పుడు చదువు లేకపోవడమూ ఉంది. 2001లో మన మండలంలో పిల్లలను బడికి పంపినవాళ్లు ఉద్యోగాల కోసమే అనుకొని ఉంటారు. కానీ ఆ పని ముసలితనంలో మన మెదడుకు కూడా కాపలా అని ఇప్పుడు తెలుస్తోంది. హాస్టల్ మంచం, నోటుబుక్కు కూడా ఒక రకం మందే.

ఇక మన ఊరి పసుపు సంగతి. పసుపు తింటే మతిమరుపు రాదని చాలామంది అంటారు. పసుపులోని కర్క్యుమిన్ మీద పరిశోధనలు చాలా జరిగాయి. కానీ మనుషుల్లో ఈ జబ్బును ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. అది ఒంటికి పట్టేదే చాలా తక్కువ. పసుపు మన పంట, మన గర్వం. దాన్ని మందని నమ్మి డాక్టర్ దగ్గరికి పోవడం మానొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లు దారి మరిచినా, అడిగిందే అడిగినా, అకారణంగా అనుమానించినా చాదస్తమని కసరకండి. బీ12 లోపం, థైరాయిడ్ లోపం, మనోవేదన వల్ల కూడా మరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది. చదువు రానివాళ్లను కూడా పరీక్షించేలా ఐసీఎంఆర్ తయారుచేసిన ప్రశ్నలు తెలుగులోనూ ఉన్నాయి. “మా అవ్వకు రాయరాదు, ఏం పరీక్షిస్తారు” అనుకోకండి.

ఇంకొక్క మాట. మీ గదిలో లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే దోస్తు ఉంటే నవ్వకండి. నాలుగు మాటలు నేర్చుకోండి. ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఇంటి భాష మానాల్సిన పని లేదు.

వంటశాలలో ఎప్పుడైనా ఉప్పు ఎక్కువైతే, దరఖాస్తు రాసే ముందు ఒకసారి లోపలికి పోయి “అవ్వా, పానం బాగుందా?” అని అడగండి. మేం అడగలేదు.

– 2002–07 బ్యాచ్ పూర్వ విద్యార్థులు, వేల్పూర్