పట్టపగటి నక్షత్రదర్శనం



గడచిన కార్తికమాసంలో నాకు కలిగిన ఒక అనుభవాన్ని ఆస్తిక మహాశయులకు నివేదించుకుంటున్నాను. ఇందులో నా గొప్ప ఏదీ లేదు. ఉన్నది నా అవివేకమే.

వేదపాఠశాలలో చదివే రోజుల్లో సంభావనలకై గ్రామగ్రామానికి సైకిలు మీదనే వెళ్ళేవారం. వయస్సు ఏభై దాటినా ఆ అలవాటు పోలేదు. సూర్యాపేట నుండి సైకిలుపై బయలుదేరి, కోదాడలో గురుపత్నికి నమస్కరించి, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రాత్రికి మిర్యాలగూడ చేరాలనీ, మరునాడు వాడపల్లిలో కృష్ణా మూసీ సంగమస్నానం చేసి అగస్త్యేశ్వరుని, లక్ష్మీనరసింహుని సేవించాలనీ సంకల్పించాను. మొదటినాటి ప్రయాణమే నూరు కిలోమీటర్లకు పైమాట. దానికి తోడు నక్తవ్రతం. పగలంతా ఉపవసించి నక్షత్రదర్శనానంతరమే భుజించాలి. ఈ సంగతి ఆలయంలో భక్తులందరి ఎదుట ప్రకటించాను కూడా. అనర్థానికి బీజం అక్కడే పడింది.

బయలుదేరే ముందు రాత్రి చలిజ్వరం సూచనగా కనిపించింది. లక్ష్యపెట్టలేదు. ఉషఃకాలంలో పిల్లలమర్రి చేరి, క్రీ.శ. 1208 నాటి ఎరకేశ్వరాలయంలో ప్రదక్షిణం చేస్తుండగా ఒకసారి కళ్ళు తిరిగాయి. స్తంభాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నాను. స్వామి పరీక్షిస్తున్నాడని సమాధానపరచుకున్నాను. మనస్సు తనకు అనుకూలమైన వ్యాఖ్యానాన్ని ఎంత శీఘ్రంగా కల్పించుకుంటుందో!

జాతీయ రహదారిపై మునగాల దాటి కోదాడ చేరేసరికి పది గంటలైంది. పాదాభివందనం చేసినప్పుడు అమ్మగారు నా శిరస్సుపై చేయి ఉంచి ఉలిక్కిపడ్డారు. "నాయనా, ఒళ్ళు కాలిపోతున్నదే! ఈ పూట ఇక్కడ విశ్రమించు. కాస్త పాలు తాగి మాత్ర వేసుకో" అన్నారు. "వ్రతంలో ఉన్నానమ్మా" అని బయటపడ్డాను. వీధి చివరి వరకు ఆమె గుమ్మంలోనే నిలిచి చూడడం నాకు తెలుసు. అయినా వెనుదిరిగి చూడలేదు.

హుజూర్‌నగర్ దాటాక శరీరం మొరాయించసాగింది. సాగర్ ఎడమ కాలువ నీటితో పండిన ధాన్యాన్ని రైతులు దారి పొడవునా సగం రోడ్డు మీద ఆరబోశారు. మిగిలిన సగంలో లారీలు, ట్రాక్టర్లు. నోరు ఎండిపోయింది, కాళ్ళు వణికాయి. పంచాక్షరి జపిద్దామంటే సంఖ్య నిలవడంలేదు. నేరేడుచర్ల దాటి కొంత దూరం వెళ్ళి, ఒక వేపచెట్టు క్రింద సైకిలు పడవేసి నేలమీద వాలిపోయాను.

దాపున ధాన్యం తిరగదోస్తున్న ఒక వృద్ధురాలు పరుగున వచ్చింది.

"అయ్యగారూ, గిట్ల పండుకున్నరేంది? పానం బాగలేదా?"

చెంబుతో మజ్జిగ తెచ్చింది. "ఉప్పేసిన, తాగుండ్రి" అన్నది.

"చుక్కలు కనపడేదాకా ఏమీ పుచ్చుకోకూడదమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పట్టపగలే చుక్కలు కనపడ్తున్నట్టున్నయి గద అయ్యగారూ, ఇంకేం చుక్కలు!" అన్నది.

అంత బాధలోనూ నవ్వు వచ్చింది. మజ్జిగ పుచ్చుకున్నాను. ఆ చల్లదనం కంఠం దిగుతుండగా ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుడు స్మరణకు వచ్చాడు. కురుదేశంలో పంటలు నశించి క్షామం వాటిల్లినప్పుడు ఆ బ్రహ్మవేత్త ఒక మావటివాడు తింటున్న ఎంగిలి ధాన్యాన్ని యాచించి భుజించాడు. అతడు నీళ్ళు ఇవ్వబోతే మాత్రం నిరాకరించాడు. అది తినకపోతే ప్రాణం నిలవదు, నీరైతే మరొకచోట లభిస్తుంది. ఆపద్ధర్మానికి ఆపద ఎంతో అంతే పరిమితి. మరునాడు యజ్ఞశాలలో ప్రస్తావానికి దేవత ఎవరని ప్రస్తోత అడిగితే "ప్రాణము" అని ఉపదేశించినవాడు ఆయనే. ఈ ఘట్టాన్ని ఎన్నోమార్లు ప్రవచించాను. 'పానం' అంటూ ఆ తల్లి విచారించినది ఏ దేవతనో నాకు అప్పుడు గాని తెలియలేదు.

ఆమె కుమారుడు ధాన్యపు బస్తాలతో మిర్యాలగూడ రైసుమిల్లుకు ట్రాక్టరు కట్టాడు. సైకిలు పైన వేసి నన్ను ఎక్కమన్నాడు. మజ్జిగతో కొంత తేరుకున్న నాలో అహంకారం మళ్ళీ తలయెత్తింది. "ఉషస్తి నీరు నిరాకరించాడు కదా, నీవు ట్రాక్టరు నిరాకరించు" అన్నది. లేచి నాలుగడుగులు వేశాను. మోకాళ్ళు కూలాయి. నా గర్వానికి శ్రుతివాక్యాన్ని వస్త్రంగా కప్పబోతున్నానని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాను. ఆ కుర్రవాడు చేయి అందిస్తే ఎక్కి బస్తాల మీద పడుకున్నాను.

మిర్యాలగూడలో వైద్యుడు సెలైను ఎక్కించి, రెండు దినాలు కదలవద్దన్నాడు. ఆ పరుండిన సమయంలో ఒక విషయం శల్యంలా గుచ్చుకుంది. వ్రతభంగం కలిగించనివి ఎనిమిదని ధర్మశాస్త్రం చెబుతుంది. వాటిలో నీరు, పాలు, ఔషధంతో పాటు గురువాక్యం కూడా ఉంది. గురుపత్ని ఆజ్ఞలో ఆ పాలు, ఔషధం, గురువాక్యం ఒక్కటిగా నా ముందుకు వచ్చాయి. వాటిని త్రోసిపుచ్చిననాడే నా వ్రతం చెడింది. మజ్జిగ పుచ్చుకున్నప్పుడు కాదు. వెంటనే ఆమెకు ఫోను చేసి క్షమాపణ వేడుకున్నాను. "జ్వరం తగ్గిందా?" అని మాత్రమే అడిగారు.

మూడవనాడు బస్సులో వాడపల్లి వెళ్ళాను. నరసింహస్వామి గర్భాలయంలో స్వామి ముఖమెత్తున ఉన్న దీపం కదలాడుతుంటుంది, క్రిందిది నిశ్చలంగా వెలుగుతుంది. పైదానిని కదిలించేది స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసాలని భక్తుల విశ్వాసం. గీత ఆరవ అధ్యాయంలో యోగి చిత్తానికి ఉపమానం గాలిలేని చోటి దీపం. ఇంతకాలం ఆ నిశ్చలదీపాన్నే ఆదర్శంగా ఎంచుకున్నాను. ఆనాడు కదిలే దీపం ఎదుట చాలాసేపు నిలిచాను. ఊపిరి ఉన్నంతకాలం కదలిక తప్పదు. ఆ కదలికను అవమానించి సాధించే నిశ్చలత్వం భక్తి కాదు, మొండితనం.

ఉపవాసదీక్షలో ఉండి అస్వస్థులైన వారికి నా ప్రార్థన ఒక్కటే. ఇంట్లో పెద్దలు నుదుటిపై చేయి ఉంచి "వద్దు" అంటే ఆగండి. ఆ మాట వినడం కూడా వ్రతంలోని భాగమే.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.