మర్మము దాచని పుస్తకము

మనలో చేతిపని నేర్పు గురువు కడపటి మర్మమును తనయొద్దనే యుంచుకొనుట తఱచు. మోటారుబండ్ల మరమ్మతు పుస్తకములపై నాకుగల మక్కువకు కారణము అవి దేనిని దాచకుండుటయే.

1972లో వెలువడిన బజాజ్ చేతక్ స్కూటరు చక్రమునే చూడుడు. దాని రిమ్ము రెండు సగములు. చక్రమును బండినుండి ఊడదీయు నట్లు వేఱు, సగములను విడదీయునవి వేఱు. ట్యూబులో గాలియుండగా ఈ రెండవవానిని విప్పినచో రిమ్ము తుపాకివలె పేలి మొగమునకు తగులవచ్చును. ముందు గాలి తీయవలెనని చెప్పుటకు పుస్తకమున నొక పంక్తి చాలును. ఆ పంక్తి ఇంగ్లీషున నున్నది. చక్రము విప్పువానికి ఇంగ్లీషు రాదు!

మఱల నీ పుస్తకములు "గట్టిగా బిగింపుము" అని యూరకుండవు. ఎంత బలముతోనో అంకెలలో చెప్పును. గట్టితనము ఒక్కొక్క చేతి కొక్కొక్కటి గదా.

విజయనగరమున మూడులాంతర్ల దరి దుకాణమున పనిచేయు శ్రీకాకుళపు యువకుడొకడు చప్పుడు వినియే ఇంజనులోపమును పట్టును. ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరని పుస్తకము చూచి చెప్పితిని.

"మా మేస్త్రి రంపంబ్లేడు ముక్కెట్టి చూడమనీవోడు బాబూ. ఎందుకో సెప్పలేదు" అనెను.

ఇనుము కోయు రంపపుబ్లేడు మందమును దాదాపంతే. మేస్త్రి తప్పు చెప్పలేదు, కారణము చెప్పలేదు. ఇప్పుడా యువకుడు ఆదివారములందు మా యింటికి వచ్చుచున్నాడు. నా భార్య చదివి తెలుగున చెప్పుచుండగా బొమ్మల ప్రక్కన తానే వ్రాసికొనుచున్నాడు. కార్బురేటరు వఱకు వచ్చినారు.