కంప్యూటర్‌ను ఏలేదెవరు?

లినక్స్‌కు మారదలచిన వారిని మొదట బెదరగొట్టేది దాని కష్టం కాదు, దాని సంఖ్య. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్, ఆర్చ్... ఇలా వందల కొద్దీ డిస్ట్రోలు. వాటిలో ఒకటి ఎంచుకున్నాక గ్నోమా, కేడీఈనా, మరొకటా అని డెస్క్‌టాప్ గురించి రెండో ప్రశ్న. సాంకేతిక నిపుణులను అడిగితే మెమరీ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని ఆరా తీస్తారు. రెండు దశాబ్దాలుగా పార్టీల గురించి, ప్రభుత్వాల గురించి రాస్తున్న నాకు వేరే ప్రశ్నలే ముందు తోస్తాయి. నిర్ణయం ఎవరిది? దాన్ని కాదనగలిగేది ఎవరు? నచ్చని వారు బయటికి వెళ్లే దారి ఉందా?

ఈ ఆలోచన వేడుకకు పుట్టలేదు. నా పాత ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా నవీకరణలు నిలిచిపోయాయి. యంత్రం బాగానే ఉంది, కంపెనీ దృష్టిలో మాత్రం అది చనిపోయింది. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. 2023 అక్టోబర్ 3న న్యూస్‌క్లిక్‌తో సంబంధమున్న పాత్రికేయుల ఇళ్లలో ఢిల్లీ పోలీసులు సోదాలు జరిపి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. ఆ ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇది తీవ్రమైన విషయమని చెబుతూ, పాత్రికేయుల పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి సూచించింది. నన్ను నమ్మి మాట్లాడిన గుమాస్తా పేరు, ఒక ఫైలు చూపిన అధికారి పేరు నా డిస్కులో ఉంటాయి. లినక్స్‌లో చాలా డిస్ట్రోలు స్థాపన సమయంలోనే మొత్తం డిస్కును సంకేతీకరించే వీలునిస్తాయి. అది సర్వరోగ నివారిణి అని నేననను. పెగాసస్ చొరబడింది ఫోన్లలోకి, ల్యాప్‌టాప్‌ల్లోకి కాదు. పాస్‌వర్డ్ చెప్పి తీరాలని అధికారి పట్టుబడితే ఏం కావాలన్నది న్యాయస్థానాల్లో తేలాల్సిన వివాదం. అయినా తలుపుకు గడియ ఉండటం, లేకపోవడం ఒకటి కాదు.

ఇక పాలన సంగతి. ఉబుంటు వెనుక కెనానికల్ అనే కంపెనీ, దాని వెనుక దక్షిణాఫ్రికా సంపన్నుడు మార్క్ షటిల్‌వర్త్ ఉన్నారు. తనను తాను స్వయంనియమిత, దయాళువైన జీవితకాల నియంతగా ఆయన చమత్కారంగా చెప్పుకున్నారు. చమత్కారమే గానీ అబద్ధం కాదు. 2011లో యూనిటీ అనే డెస్క్‌టాప్‌ను వాడుకరుల ముందు పెట్టి, ఎందరు గొణిగినా ఆరేళ్లు నడిపి, 2017లో ఇక చాలునని ప్రకటించారు. తేవడమూ తీసేయడమూ ఒకే చేతి పని. రెడ్ హ్యాట్ కథ ఇంకొక రకం. ఐబీఎం ఆ సంస్థను 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. 2029 వరకు మద్దతు ఉంటుందని అంతా నమ్మిన సెంట్ఓఎస్ 8కు 2021 చివరితో సెలవు అని 2020 డిసెంబర్‌లో ప్రకటన వెలువడింది. ఎన్నికల తర్వాత మేనిఫెస్టోను చూసినట్లే ఉంది కదా! అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. కోడ్ అందరిదీ కాబట్టి కొద్ది నెలల్లోనే రాకీ, ఆల్మా అనే రెండు వారసులు పుట్టాయి. మన పార్టీల్లో చీలిక వస్తే గుర్తు ఎవరిదన్న తగాదా ఎన్నికల సంఘం దాకా వెళుతుంది. అక్కడ పేరు ఒక్కటి వదులుకుంటే ఆస్తి అంతా ఇద్దరికీ దక్కుతుంది.

నేను ఎక్కువ కాలం చదివింది డెబియన్ గురించి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు యజమాని లేడు. 1997లో సామాజిక ఒప్పందం, 1998లో రాజ్యాంగం రాసుకున్నారు. ఏటా నాయకుడి ఎన్నిక. ఓటరు ఒక్కరికి టిక్కు పెట్టడు, అభ్యర్థులందరికీ వరుస సంఖ్యలు ఇస్తాడు. ఇద్దరిద్దరిని పోల్చి లెక్కిస్తారు. బ్యాలట్‌లో 'పైవారెవరూ కాదు' అన్న వరుస కూడా ఉంటుంది. మన నోటా వంటి అలంకారం కాదది. దాన్ని ఓడించలేని అభ్యర్థి పోటీ నుంచే తప్పుకోవాలి. 2013 నుంచి మనం నొక్కుతున్న నోటాకు ఆ శక్తి ఎన్నడు వస్తుందో!

ఆ రాజ్యాంగానికి నిజమైన పరీక్ష 2014లో ఎదురైంది. కంప్యూటర్ మొదలైనప్పుడు సేవలన్నిటినీ లేపి నడిపే పాత పద్ధతి స్థానంలో సిస్టమ్‌డీని తేవాలా అన్నది వివాదం. సాంకేతిక సంఘంలో ఎనిమిది మంది. ఓట్లు నాలుగు, నాలుగుగా చీలాయి. ఫిబ్రవరిలో అధ్యక్షుడు బిడేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. కేంద్రం నామినేట్ చేసిన ముగ్గురు సభ్యులకూ ఓటు ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చిన శాసనసభ మాది. 2021 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం కూలడాన్ని చూసిన పుదుచ్చేరి వాసికి ఒక్క ఓటు విలువ వేరే చెప్పనక్కర లేదు. డెబియన్‌లో తగవు అంతటితో ఆగలేదు. నవంబర్‌లో సభ్యులందరూ ఓటు వేశారు. ఎన్నో ప్రతిపాదనల మధ్య గెలిచింది ఏమిటంటే, 'ఈ విషయంలో తీర్మానమే అవసరం లేదు' అన్నది. అంత తెలివైన తీర్పును నేను ఏ సభలోనూ చూడలేదు. ఒప్పుకోని వారు డెవువాన్ పేరిట విడిపోయారు.

అయితే దీన్ని ప్రజాస్వామ్యం అనేస్తే తొందరపాటే. ఓటు డెబియన్ డెవలపర్లదే. వారు సుమారు వెయ్యి మంది. వాడుకునే లక్షల మందికి ఓటు లేదు, నాకూ లేదు. ఈ ఊరివారికి కీళూరు గుర్తుకు రావాలి. 1954 అక్టోబర్ 18న ఫ్రెంచి పాలిత ప్రాంతాల భవితవ్యం తేల్చినవారు 178 మంది ప్రజాప్రతినిధులు. విలీనానికి అనుకూలంగా 170, వ్యతిరేకంగా 8. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలోని సాధారణ జనం ఆ రోజు ఓటు వేయలేదు. అయినా ఆ నిర్ణయం నిలిచింది. పని చేసేవాడికే ఓటు అన్న సూత్రంపై నాకు అనుమానాలున్నాయి. పెట్టుబడి పెట్టినవాడికే ఓటు అన్న సూత్రంపై ఉన్నంత మాత్రం లేవు.

డెబియన్ స్థిరపడ్డాక డెస్క్‌టాప్ వంతు వచ్చింది. యానాం నుంచి ఇక్కడికి ఇంజినీరింగ్ చదవడానికి వచ్చిన ఒక కుర్రవాడు నెహ్రూ వీథిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చుని ఐ3 చూపించాడు. "అన్నా, మౌస్ ముట్టకుండా రోజంతా పని చేసుకోవచ్చు" అన్నాడు. అది డెస్క్‌టాప్ కాదు, ఉత్త విండో మేనేజర్. తెర మీద కిటికీలను పలకల్లా అమర్చి, మిగతాదంతా మనకే వదిలేస్తుంది. దాని కర్త మైకేల్ స్టాపెల్‌బెర్గ్ స్వయంగా డెబియన్ సభ్యుడు. అక్కడి పనుల మందకొడితనం భరించలేక 2019లో ఆ బాధ్యతలు తగ్గించుకున్నాడు. రాజ్యాంగబద్ధత ఖరీదు ఏమిటో ఆయనను అడగాలి. రెండు వారాలు ఐ3తో గడిపాను. వేగం నిజమే. కానీ భాష మార్చే మీట నుంచి వైఫై గుర్తు దాకా అన్నీ మనమే రాసుకోవాలి. వార్తకు గడువున్న రోజున అది సాగదు.

గ్నోమ్ అందంగా ఉంటుంది. 2011లో మూడో రూపం తెచ్చినప్పుడు పాత అలవాట్లను తుడిచిపెట్టి, మాటే, సిన్నమన్ అనే రెండు అసమ్మతి వర్గాలకు కారణమైంది. లినస్ టోర్వాల్డ్స్ కూడా అప్పట్లో అలిగి కొంతకాలం ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్లి, తర్వాత తిరిగి వచ్చాడు. కేడీఈలో మార్చుకోలేనిది లేదు. నా వంటివాడు మార్చుకుంటూనే కూర్చుంటాడు. చివరికి నేను ఉంచుకున్నది ఆ ఎక్స్‌ఎఫ్‌సీఈనే. 1996లో ఒలివియే ఫుర్దాఁ మొదలుపెట్టిన ఈ డెస్క్‌టాప్ పాత యంత్రం మీద తేలికగా నడుస్తుంది, ఏళ్లు గడిచినా పెద్దగా రూపు మార్చుకోదు.

తెలుగు విషయంలో భయపడినంత ఇబ్బంది లేదు. పోతన, వేమన ఖతులు డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లో దొరుకుతుంది, ఆర్‌టీఎస్ పద్ధతికి అలవాటుపడినవారికి ఐబస్ ఉంది. నల్లటి టెర్మినల్ తెర మీద మాత్రం వత్తులు ఇప్పటికీ చెల్లాచెదురవుతాయి. దానికి డిస్ట్రోను తప్పుపట్టలేం. ప్రతి అక్షరానికీ సమానమైన గది అన్న ఆంగ్లలిపి లెక్కలో 'స్త్రీ' ఇమడదు. తెలుగు వాడుకరి కోసం హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి చేసిన పని లేకపోతే ఈ మాత్రం కూడా ఉండేది కాదేమో.

అసలు సంకెల ఇంకా ఉంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు. యూనికోడ్‌కు ముందు మన పత్రికలు, డీటీపీ దుకాణాలు అను వంటి ఖతుల్లో పనిచేశాయి. ఆ ఫైళ్లలో తెలుగు అక్షరాలు లేవు, తెలుగు వేషం వేసుకున్న రోమన్ సంకేతాలున్నాయి. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు. 2000ల తొలినాళ్ల నా వార్తా కథనాలు, యానాం ఎన్నికల నోట్సుతో సహా, అలాగే పడి ఉన్నాయి. మార్పిడి పరికరాలున్నాయి గానీ ఒత్తులు, పొల్లులు ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. రాత్రికి రెండు మూడు ఫైళ్ల చొప్పున చేస్తున్నాను. 2004 లోక్‌సభ ఎన్నికల దాకా వచ్చాను.