పసిపాప పాస్‌పోర్ట్ ఫొటో నాకు నేర్పిన పాఠం

ఆరోగ్య విషయాలు చెప్పవలసిన చోట ఈయన ఫొటోల సంగతి ఎందుకు ఎత్తుకున్నాడని మీకు అనిపించవచ్చు. నాలుగు దశాబ్దాల పాటు పసిపిల్లల వైద్యునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, సొంత మనవరాలి పాస్‌పోర్ట్ ఫొటో ఒక పాఠం నేర్పింది. అది మీకూ ఉపయోగపడుతుందనే నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లుడు మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాపకు మూడో నెల నిండేసరికి తల్లీబిడ్డలు అక్కడికి చేరాలని వారి ఆలోచన. బిడ్డ ఎంత చిన్నదైనా విదేశానికి వెళ్ళాలంటే ఆమెకు విడిగా పాస్‌పోర్ట్ ఉండవలసిందే. నాలుగేళ్ళు దాటినవారికి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే ఫొటో తీస్తారు. అంతకన్న చిన్నపిల్లల ఫొటోను మాత్రం మనమే తీయించి తీసుకువెళ్ళాలి. దాని కొలత 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు. వెనుక తెలుపు తప్ప మరేమీ ఉండకూడదు. ముఖం సూటిగా కెమెరా వైపు ఉండాలి, కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, ముఖం మీద నీడ పడకూడదు, పట్టుకున్నవారి చేయి కనబడకూడదు. మెడ నిలవని, పగలు రాత్రి తేడా తెలియని పసికందుకు ఇన్ని షరతులు!

అమ్మాయి బజారులోని స్టూడియోకు బయలుదేరింది. నేను వద్దన్నాను. పందొమ్మిది రోజుల బిడ్డను పదిమంది దగ్గే, తుమ్మే ఇరుకు గదిలోకి తీసుకువెళ్ళవలసిన అవసరం లేదు. కెమెరా ఉన్న సెల్‌ఫోన్ ఇంట్లోనే ఉంది. తీసిన ఫొటోను స్టూడియోలో కొలతకు కత్తిరించి అచ్చు వేయించుకుంటే సరిపోతుంది. ఎదురింటి డిగ్రీ కుర్రవాడు ఫొటోలు బాగా తీస్తాడని పిలిపించాము.

మేము చేసిన ఏర్పాట్లు చెబుతాను. మీ ఇంట్లో కూడా ఇలాగే చేసుకోవచ్చు. హాలులో కిటికీకి దగ్గరగా నేలమీద పరుపు వేసి, దాని మీద ఉతికిన నా తెల్ల పంచెను ముడతలు లేకుండా బిగించి పరిచాము. మంచం అంచున గాని, బల్ల మీద గాని పడుకోబెట్టకూడదు. బోర్లా పడటం రాని పిల్లలు కూడా కాళ్ళతో తన్నుకుంటూ జారిపోగలరు. ఎండ నేరుగా ముఖం మీద పడితే బిడ్డ కళ్ళు మూసుకుంటుంది కనుక, ఎండ పడని కిటికీ వెలుతురే మేలు. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. కాస్త ఎడంగా ఉండి తీసి, తరువాత కత్తిరించుకోవాలి. బిడ్డ మీదుగా వంగి తీసేవారు ఫోన్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. చేయి జారితే అది పడేది బిడ్డ ముఖం మీదే.

నా శ్రీమతి పాపకు కళ్ళనిండా కాటుక, బుగ్గన అరచందమామంత దిష్టి చుక్క పెట్టి సిద్ధం చేసింది. ఫొటోలో ముఖం సహజంగా కనబడాలని, అసలు పసిపిల్లల కళ్ళకు కాటుకే మంచిది కాదని మరోసారి చెప్పాను. పెట్టే వేలి నుండి కంటికి సూక్ష్మక్రిములు చేరవచ్చు. బజారులో అమ్మే కొన్ని రకాల కాటుకలో సీసం ఉంటుంది. ఆవిడ అయిష్టంగానే తడిగుడ్డతో తుడిచి, దిష్టి చుక్కను అరికాలికి మార్చింది. అరికాలు ఫొటోలో పడదు కనుక నేనూ ఊరుకున్నాను.

పాలు తాగించి, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, అరగంట ఆగాము. అప్పటికి పాప హాయిగా నిద్రపోయింది. అరికాలు గిల్లడం, చెవి దగ్గర చప్పట్లు కొట్టడం వంటి పనులు మీరు చేయకండి. పసిబిడ్డ ఉలిక్కిపడి చేతులు చాచి ఏడుస్తుందే తప్ప మీరు కోరిన చూపు చూడదు. మా వైద్యుల చిట్కా ఒకటి ఉంది. తలకు, మెడకు చేయి ఆనించి బిడ్డను నెమ్మదిగా నిటారుగా ఎత్తితే చాలాసార్లు తనంతట తానే కళ్ళు తెరుస్తుంది. అలా రెండుసార్లు ఎత్తిన మీదట కళ్ళు తెరిచింది. పంచె మీద పడుకోబెట్టగానే కుర్రవాడు గబగబా పది పన్నెండు ఫొటోలు తీశాడు.

వాటిలో ఒకటి అన్ని షరతులకూ సరిపోయింది. అందరం ఫోన్ చుట్టూ చేరాము.

"తాతగారూ, కొంచెం పచ్చగా వచ్చింది. రంగు సరిచేస్తాను" అంటూ ఆ కుర్రవాడు తెర మీద వేలు అటూ ఇటూ జరిపాడు. క్షణంలో పాప గులాబీ రంగుకు తిరిగింది. "అచ్చం వాళ్ళ నాన్న రంగే" అని మా అమ్మాయి మురిసిపోయింది.

నాకు మాత్రం గుండె జారిపోయింది. "బాబూ, ముందున్నట్టే పెట్టు" అన్నాను.

తెల్లని పంచె పక్కన ఆ ముఖం పసుపు రాసినట్టు ఉంది. పాపను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు నడిచాను. నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలితే, నొక్కిన చోట తెల్లబడవలసిన చర్మం పచ్చగా కనబడింది. కంటి తెల్లగుడ్డు కూడా పసుపు పచ్చగానే ఉంది. కామెర్లు. మా వైపు పసికర్లు అంటారు.

పాపను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కాని చూసినది బాలింత గదిలో. చలిగాలి తగలకూడదని కిటికీలు మూసి, తెరలు దించి, పసుపు రంగు బల్బు వేసి ఉంచిన గది అది. ఆ వెలుతురులో అందరమూ పచ్చగానే ఉంటాము. "బిడ్డను పగటి వెలుతురులో చూడండమ్మా" అని వేలమంది తల్లులకు చెప్పిన మనిషిని, సొంత ఇంట్లో ఆ కిటికీ తెర ఒక్కనాడూ తొలగించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కామెర్లంటే అంత భయమెందుకని అడుగుతారేమో. పుట్టిన రెండో రోజో మూడో రోజో కొద్దిగా కామెర్లు రావడం చాలామంది పిల్లలలో ఉన్నదే. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అవి సాధారణంగా రెండు వారాలలోపు తగ్గిపోతాయి. మొదటి 24 గంటలలోపే కనబడినా, అరచేతులకు, అరికాళ్ళకు పాకినా, బిడ్డ పాలు సరిగా తాగక మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో మితిమీరితే మెదడుకు శాశ్వతంగా హాని చేస్తుంది.

రెండు వారాలు దాటినా పోని కామెర్లది మరొక ప్రశ్న. మా పాపకు అప్పటికి పందొమ్మిదో రోజు. ఇటువంటి పిల్లలకు రక్తంలో మొత్తం బిలిరుబిన్ ఎంత ఉన్నదో, అందులో డైరెక్ట్ బిలిరుబిన్ ఎంత ఉన్నదో తప్పనిసరిగా చూడాలి. ఆ రెండవది ఎక్కువగా ఉండి, విరేచనం సున్నపు ముద్దలా తెల్లగా ఉండి, మూత్రం గుడ్డకు పచ్చని మరక చేస్తుంటే, కాలేయం నుండి పైత్యరసం పేగులోకి దిగే నాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. అది అరుదైన జబ్బు. కాని దానికి చేసే శస్త్రచికిత్స బిడ్డకు రెండు నెలలు నిండక ముందే జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. "ఎండలో పెడితే పోతుందిలే" అనుకుంటూ గడిపే ఒక్కొక్క వారమూ ఆ బిడ్డకు నష్టమే.

అమ్మాయిని ఉతకవలసిన గుడ్డలు తెమ్మన్నాను. విరేచనం ఆవపిండి రంగులో ఉంది. నా ప్రాణం సగం కుదుటపడింది. మరునాడు ఉదయమే రక్తపరీక్ష చేయించాము. సాయంత్రం ఫలితం వచ్చేదాకా నేను వైద్యుణ్ణి కాను, ఉత్త తాతను. మొత్తం బిలిరుబిన్ ఎక్కువగానే ఉంది గాని ప్రమాదపు స్థాయిలో లేదు. డైరెక్ట్ బిలిరుబిన్ మామూలుగా ఉంది. థైరాయిడ్ పరీక్ష కూడా బాగానే వచ్చింది. తల్లిపాలు తాగే కొందరు పిల్లలలో కొన్ని వారాలపాటు నిలిచే హానిలేని కామెర్లని తేలింది. దీనికి మందు లేదు, పాలు మానిపించవలసిన పని అసలే లేదు. పాప బరువు పెరుగుతూ వచ్చింది, పసుపు మెల్లగా వెనక్కు తగ్గింది.

"నాన్నగారూ, ఆ సరిచేసిన ఫొటో పంపేస్తే పని అయిపోతుంది కదా?" అని అమ్మాయి అడిగింది. మెరుగులు దిద్దిన ఫొటోను తిప్పి పంపవచ్చు; చర్మం రంగు సహజంగా ఉండాలన్నది పాస్‌పోర్ట్ ఫొటోకు ముఖ్యమైన నియమం. అంతకు మించి, మరో నెల ఆగితే పాపకే చూపు నిలుస్తుందని చెప్పాను. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుండి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది మాత్రమే కాస్త స్పష్టంగా కనబడుతుంది. ఆరు వారాలు దాటేసరికి మనిషి ముఖం మీద చూపు నిలిపి చూస్తుంది, పలకరిస్తే నవ్వుతుంది. ప్రయాణానికి వ్యవధి ఉన్నవారు ఆ వయసు వరకు ఆగితే ఫొటో సగం తనంతట తానే వస్తుంది. మేము అలాగే ఆగి, అదే కిటికీ దగ్గర, అదే పంచె మీద మళ్ళీ తీశాము. అమ్మమ్మ ఫోన్ వెనుక నిలబడి పిలిచింది. నవ్వు మొదలయ్యే ముందు క్షణం దొరికింది. ఆ ఫొటో ఆమోదం పొందింది, పాస్‌పోర్ట్ కూడా ప్రయాణానికి ముందే చేతికి వచ్చింది.

విదేశాలలో ఉన్న పాఠకులకు ఒక మాట. ఏ దేశపు పాస్‌పోర్ట్‌కు ఆ దేశపు కొలత. అమెరికా ఫొటో చతురస్రంగా, రెండు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉంటుంది. పసికందుల కళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా అక్కడ అంగీకరిస్తారు. బ్రిటన్‌లో ఏడాది నిండని పిల్లల కళ్ళు తెరిచి ఉండాలన్న నిబంధనే లేదు. మీకు వర్తించే నియమాలు ముందే చదువుకుంటే బిడ్డను అనవసరంగా నిద్ర లేపవలసిన బాధ తప్పుతుంది.

ఫోన్‌లో పచ్చగా కనబడిన ప్రతి బిడ్డకూ కామెర్లు ఉన్నట్టు కాదు. గోడ రంగు, దీపం రంగు కూడా అలా చూపగలవు. ఫొటోలో బాగున్నంత మాత్రాన లేవనీ కాదు. ఫొటోను నమ్మి జబ్బు నిర్ణయించుకోకండి. అనుమానం కలిగితే బిడ్డను వెలుతురులోకి తీసుకువెళ్ళి చూడండి. చామనఛాయ పిల్లలలో చర్మం కన్న కంటి తెలుపు, చిగుళ్ళు సరిగా చెబుతాయి. అలాగే ఫ్లాష్‌తో తీసిన ఫొటోలలో ఒక కంటిపాప ఎర్రగా, మరొకటి పదేపదే తెల్లగా మెరుస్తుంటే దానిని దిద్దేయకుండా వెంటనే కంటి వైద్యునికి చూపించండి. లోపల కణితి వంటి తీవ్రమైన జబ్బు కూడా ఒక్కొక్కప్పుడు అలాగే బయటపడుతుంది.

పాస్‌పోర్ట్ అధికారి కోరేదీ, పిల్లల వైద్యుడు కోరేదీ చివరకు ఒకటే: మంచి వెలుతురు, తెల్లని గుడ్డ, మార్పులు చేయని ముఖం. మీ ఇంట్లో నెలలోపు బిడ్డ ఉంటే, ఫొటో అవసరం ఉన్నా లేకున్నా, రేపు ఉదయం ఆ గది కిటికీ తెర ఒకసారి తీయండి.