పేడ చల్లారనివ్వండి

మీ పెరట్లో వంగ మొక్కలున్నాయా? ఉంటే ఓసారి ఆకు తిరగేసి చూడండి. నేను యూరియా వేసిన ఏడు మా వంగ వారం తిరక్కుండా నల్లగా నిగనిగలాడింది. చూసినవాళ్లంతా ఏం మందేశారని అడిగినవాళ్లే. ఇంకో పది రోజులకు ఆకు అడుగునంతా పేనుబంక. నత్రజని ఎక్కువైతే ఆకు లేతబడి, రసం పీల్చే పురుగు ఎగబడుతుందని నాకు అప్పటికి తెలియదు.

ఆ తర్వాతే వానపాముల జోలికి వెళ్లాను. అందులోనూ మొదట ఓ పొరపాటు చేశాను, మీరు చెయ్యకండి. పచ్చి పేడ తొట్టినిండా పోసి వానపాముల్ని వదిలేశాను. మూడోనాడు చెయ్యి పెడితే లోపల చురుక్కుమంది. సగం పాములు తొట్టి గోడలెక్కి ఎండిపోయి ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "కుతకుతలాడే అన్నం నువ్వు నోట్లో పెట్టుకుంటావంట్రా అబ్బాయ్?" అంది. పేడను నీళ్లు చల్లుతూ రెండు వారాలు చల్లారనివ్వాలి. పైన నీడ ఉండాలి, తడి గోనె కప్పాలి, ఎర్రచీమల్ని దగ్గరికి రానివ్వకూడదు. అంతే పని.

ఇక లెక్కలోకి రండి. 45 కిలోల యూరియా కట్టలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. మంచి వర్మీకంపోస్టులో ఉండేది ఒకటిన్నర, మహా అయితే రెండు శాతం. ఒక్క కట్టకు సాటి రావాలంటే టన్నుకు పైగా ఎరువు చేలోకి తోలాలి. ఈ లెక్క దాచిపెట్టి వానపాముల్ని పొగిడితే నేనొప్పుకోను. మాచర్ల వైపు మిరప రైతును కట్టలు మానెయ్యమని ఊరికే నోటిమాటగా చెప్పడం అన్యాయం.

అయితే కట్ట ఇవ్వలేనిది ఒకటుంది, తడి నిలపడం. మన వేసవి సంగతి మీకు చెప్పాలా? ఉత్త యూరియా వేసిన బీరపాదు పొద్దున పదింటికే ఆకు వాల్చేసేది. నాలుగు దోసిళ్ల వానపాముల ఎరువు పడిన పాదు, అదే నీళ్లతో, మధ్యాహ్నం దాకా తలెత్తుకుని నిలబడింది. గుల్లబారిన మట్టిలో వేరు లోపలికి దిగుతుంది. పెరట్లో కూరగాయలకు నేను కట్ట విప్పి చాలా కాలమైంది.

అసలు చిక్కంతా పేడ దగ్గరుంది. ట్రాక్టర్లొచ్చాక కాడెద్దులు పోయాయి, వాటి వెనకే ఇంటి ముందు పెంటదిబ్బా పోయింది. ఎకరాలకు ఎకరాలు ఎరువు కొని వెయ్యాలంటే ఎవరి తరం? గొర్రెలవాళ్లతో మాట్లాడుకుని చేలో రెండు రాత్రులు మంద పెట్టించుకున్న రైతు తెలివైనవాడు. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ చేయిస్తున్న ప్రకృతి వ్యవసాయం కూడా, ఉన్న కాస్త పేడనే బెల్లం, పప్పుల పిండి కలిపి జీవామృతంగా సాగదీస్తుంది. 2024లో దానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతిలో వాటా వచ్చినప్పుడు మనింట్లో పిల్లకు ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాను.

ఆ పద్ధతిలో వానపాముల్ని తొట్టిలో పెంచరు, చేలోకే రప్పించుకుంటారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తొట్టిలో పెంచే ఐసీనియా ఫెటిడా పైపైన పేడా చెత్తా తిని బతికేది. చేను లోతుకు బొరియలు తొలిచేది మన నాటు వానపాము. తొట్టి పాముల్ని తెచ్చి ఎండుచేలో వదిలితే చస్తాయి. పెరటికి తొట్టి, చేనుకు మందా జీవామృతమూ. కట్టలు తగ్గించడం ఆ తర్వాత, ఏటికి కొంచెం.

మా తొట్టి ఇప్పుడు తీతకొచ్చింది. నీళ్లు ఆపి నాలుగు రోజులైంది, పాములన్నీ తడి వెతుక్కుంటూ అడుగుకు దిగాయి. పైన మిగిలింది చూస్తే టీపొడి, వాసన చూస్తే తొలకరి. ఆదివారం ఎండెక్కకముందే రండి. వచ్చేటప్పుడు ఓ గోనెసంచి తడిపి తెచ్చుకోండి, గుప్పెడు పాములు కూడా పెట్టిస్తాను.