తుడిచేసిన ప్లగ్గు ఏం చెప్పుద్ది?

మా పాత అంబాసిడర్ ఏమైందని కొందరు అడిగారు, అందుకే ఈ పోస్టు.

నాన్న కొన్న పెట్రోల్ బండి అది, 1489 సీసీ. ఎండాకాలం నుంచి మిస్ కొడతా ఉంది. ఎత్తు ఎక్కదు, పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. టౌన్లో మెకానిక్ విని "కంప్రెషన్ పోయింది, బోరింగ్ చేసి రింగులు మార్చాలి, 30,000 అవుద్ది" అన్నాడు. విత్తనాలకీ ఎరువులకీ దాచింది అంతే ఉంది నా దగ్గర.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. మిస్ కొట్టినప్పుడల్లా ప్లగ్గులు ఊడదీసి ఇసక కాయితంతో రుద్ది బిగించేవాణ్ణి. జ్వరం వచ్చినోడి నాలుక శుభ్రంగా తుడిచి డాక్టరుకి చూపించినట్టు.

ఈసారి తుడవలేదు. ఐదు కిలోమీటర్లు బాగా తోలి, ఖాళీ రోడ్డు మీద ఇంజిన్ ఆపేసి న్యూట్రల్లో పక్కకి తీశా (తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ ఉంటే పడిపోద్ది). నిలబెట్టి ఊరికే తిప్పిన ఇంజిన్‌లో ప్లగ్గు నల్లగానే కనపడుద్ది, అది నమ్మొద్దు. చల్లారాక తీసి, రేడియేటర్ వైపు నుంచి వరసగా పేపర్ మీద పెట్టా.

మూడు లేత గోధుమ రంగు, అంటే పెట్రోలూ గాలీ పాళ్లు కుదిరినట్టే. మూడో నంబరు ఒక్కటే నల్లగా, తడిగా ఉంది. కార్బరేటర్ తప్పయితే నాలుగింటికీ పొడి మసి పట్టాలి, నాలుగింటికీ కూడు పెట్టేది అదొక్కటే కదా. తడి వేలికి రాసుకుని చూశా. ఆయిల్ అయితే జిడ్డు పోదు, అప్పుడు రింగుల మీదో వాల్వు గైడ్ల మీదో అనుమానం. ఇది చిటికెలో ఆరిపోయింది. పెట్రోలే. లోపలికి వస్తోంది, కాలట్లేదు.

1, 3 ప్లగ్గులు అటూ ఇటూ మార్చా. మళ్లీ మూడోదే తడి. తర్వాత వాటి వైర్లు మార్చా. ఈసారి ఒకటోది తడిసింది! వైరు లోపల తెగి ఉంది.

ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లబడితే మాత్రం బండి తోలొద్దు. గాలి ఎక్కువైనా, టైమింగ్ ముందుకెళ్లినా అట్టా అవుద్ది, పిస్టన్‌కి బొక్క పడుద్ది. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో పాత కార్బరేటర్ బండ్లు ఆ వైపే మొగ్గుతాయి. మన టూ స్ట్రోక్ స్ప్రేయర్ ప్లగ్గు కొంచెం జిడ్డుగా ఉంటే కంగారొద్దు, ఆయిల్ కలిపే పోస్తాం కదా.

కొత్త వైర్ల సెట్టు ఆ మెకానిక్ దగ్గరే కొన్నా. తడి ప్లగ్గు చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.