కనిపించని అప్పు

అప్పు అనగానే మనకు పత్రము, వడ్డీ, వాయిదా జ్ఞాపకము వచ్చును. పత్రము లేని అప్పు కూడా ఒకటి ఉన్నది. తొందరపడి వ్రాసిన కంప్యూటరు ప్రోగ్రామును వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో అప్పుతో పోల్చినాడు. 2019లో కొందరు పరిశోధకులు ఆ పోలికను సంస్థల సమగ్ర నిర్మాణమునకు విస్తరింపజేసినారు. ఉన్న స్థితికి, ఉండదగిన స్థితికి నడుమ గల దూరమే ఆ అప్పు.

ఈ మాట నాకు దువ్వాడ స్టేషనును చూచినప్పుడే బోధపడినది. విజయవాడ, కటకముల మధ్య రైలుమార్గము 1893–96 నడుమ విడతలుగా తెరువబడినది. అప్పటికి విశాఖలో నేటి ఓడరేవు లేదు. అది 1933 నాటిది. ఉక్కు కర్మాగారము అసలే లేదు. ఊరు పెరిగినది, దారి తీరు మాత్రము మారలేదు. హౌరా–చెన్నై మార్గమున పోవు బండి విశాఖలోనికి వచ్చినచో, ఇంజనును రెండవ కొసకు మార్చుకొని వచ్చిన వైపునకే మరలవలెను.

దీనిని కొలువవచ్చును. దినమునకు పది బండ్లకు ఇరువది నిమిషముల చొప్పున వ్యర్థమగుననుకొందము. ఏడాదికి అది ఏబది దినములను మించును. ఇదియే వడ్డీ.

ఈ వడ్డీని తప్పించుకొనుటకు కొన్ని బండ్లు విశాఖకు రాక దువ్వాడ మీదుగా సాగిపోవుచున్నవి. రైల్వేకు కాలము కలిసివచ్చినది. కాని అర్ధరాత్రి పిల్లలతో, మూటలతో అక్కడ దిగినవారు నగరము చేరుటకు ఆటో వెదకుకొనవలెను. అప్పు తీరలేదు, తీర్చువారు మారినారు. కావున సంస్థ తన పద్దు ఒక్కటే చూచుకొన్నచో కొలత తప్పును.

మన కళాశాలల వంటి చోట్ల కూడ ఈ అప్పు ఉండును. ఉర్దూ పేరు ఒకటే. ప్రవేశపు రిజిస్టరులో ఒక తీరున, పరీక్షల పట్టికలో ఒక తీరున, బ్యాంకు పుస్తకములో మరియొక తీరున వ్రాయబడును. వ్రాసిన గుమాస్తాకు నష్టము లేదు. ఉపకారవేతనము ఆగిపోయిన పేద విద్యార్థి కార్యాలయముల చుట్టు తిరిగి ఆ వడ్డీ కట్టును.

అన్నిటినీ ఒక్కమారు పడగొట్టి కట్టనక్కరలేదు. రెండు కొసల నడుపుగది గల రైలుబండ్లు వచ్చిన పిదప, వాటికి ఇంజను మార్చు పని తప్పినది. స్టేషను ఉన్నచోటనే ఉన్నది. అట్లే ప్రవేశమునాడే పేరును ఒక్కచోట సరిచూచి, తక్కిన పట్టికలన్నియు దానినే అనుసరించునట్లు చేసిన చాలును. ఏ అప్పు బలహీనుని భుజముపై పడుచున్నదో, దానిని మొదట తీర్చుట న్యాయము.